ఇంట్లో స్ప్రే చేసిన కారు పెయింట్‌లో లోపాలు సరిచేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పోర్టికోలో కారు పెట్టుకుని, స్ప్రే డబ్బాతోనో చిన్న కంప్రెసర్, గన్‌తోనో బానెట్‌కో డోర్‌కో బంపర్‌కో రంగు కొట్టుకున్నవాళ్ల కోసం ఈ పేజీ. ఇక్కడ చెప్పిన పేపర్ నంబర్లన్నీ షాపుల్లో దొరికే వాటర్ పేపర్ (నీళ్లతో తడిపి రుద్దే గరుకు కాగితం) నంబర్లే; నంబర్ పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. కలిపే పాళ్లు, ఆరే సమయాలు మీ డబ్బా మీద వేరుగా రాసి ఉంటే డబ్బా మాటే వినండి.

పెయింట్ వేస్తుండగానే లోపం కనబడింది. వెంటనే ఏం చేయాలి?

చాలాసార్లు ఏమీ చేయకపోవడమే మంచిది. తడి పెయింట్‌ను బట్టతో తుడిచినా, వేలితో సర్దినా, పైన ఇంకో కోటు దట్టంగా వేసి కప్పేద్దామనుకున్నా చిన్న పని పెద్దదవుతుంది. గన్ పక్కన పెట్టి ఆరనివ్వండి. ఆరిన పెయింట్‌ను రుద్దొచ్చు, తీసేయొచ్చు, మళ్లీ వేయొచ్చు.

ఆరాక ముందుగా తేల్చుకోవాల్సింది ఒక్కటే: లోపం ఏ పొరలో ఉంది? ఇప్పటి కార్ల మీద కింద ప్రైమర్, దాని మీద రంగునిచ్చే బేస్ కోట్, అన్నిటికంటే పైన మెరుపునిచ్చే క్లియర్ కోట్ ఉంటాయి. లోపం క్లియర్‌లో ఉంటే పేపర్, కాంపౌండ్‌తో (సన్నగీతలు తీసి మెరుపు తెచ్చే రుద్దుడు పేస్టు) సరిపోతుంది. బేస్ కోట్‌లో ఉంటే ఎంత పాలిష్ చేసినా పోదు, మళ్లీ రంగు వేయాల్సిందే. ప్రైమర్‌లోనో పుట్టీలోనో ఉంటే అక్కడిదాకా తవ్వాలి. ఏ పొరో తెలియకుండా పేపర్ పట్టుకుంటే అసలుకే ఎసరు వస్తుంది.

రెండో లెక్క మందం. రెండు కోట్లు 2కె క్లియర్ (గట్టిపరిచే హార్డ్‌నర్ కలిపి వాడే రెండు భాగాల క్లియర్) సరిగ్గా పడితే ఆరాక సుమారు 50 మైక్రాన్లు ఉంటుంది. మామూలు స్ప్రే డబ్బా క్లియర్ అయితే అంతకంటే తక్కువే. అంటే వెంట్రుక మందం కూడా లేని పొరలోంచి మీరు కొంత గీకబోతున్నారు. తరవాత పేపర్ కొట్టి పాలిష్ చేయాలనే ఆలోచన ఉంటే మొదటే మూడు కోట్లు వేసుకోండి.

ఎన్ని రోజులు ఆగి రుద్దాలి?

హార్డ్‌నర్ కలిపిన 2కె క్లియర్‌కు మన ఎండాకాలం వేడిలో 24 గంటలు, చలికాలంలో, వానల్లో 48 గంటలు. హార్డ్‌నర్ లేని మామూలు డబ్బా పెయింట్‌కు కనీసం వారం. ముసురు పట్టిన రోజుల్లో రెండు వారాలైనా తప్పు లేదు.

చేత్తో ముట్టుకుంటే అంటుకోకపోయినంత మాత్రాన లోపల ఆరినట్టు కాదు. కంటికి కనబడని మూలన గోటితో గట్టిగా నొక్కండి. గోటి గుర్తు పడితే ఇంకా టైం ఉంది. ముక్కు దగ్గర పెట్టి చూడండి, థిన్నర్ వాసన వస్తుంటే కూడా అంతే. పచ్చిగా ఉన్నప్పుడు రుద్దితే పెయింట్ పొడిగా రాలదు, పేపర్‌కు ఉండలు ఉండలుగా చుట్టుకుని పక్కనున్న మంచి చోట లోతు గీతలు పెడుతుంది.

మరీ ఆలస్యం కూడా వద్దు. 2కె క్లియర్ మొదటి వారంలో పాలిష్‌కు బాగా లొంగుతుంది. నెల దాటితే పూర్తిగా గట్టిపడి అదే పనికి రెట్టింపు శ్రమ పడుతుంది.

డోర్ మీద పెయింట్ కారి చారలు కట్టింది. ఎలా తీయాలి?

ఒకేచోట ఎక్కువ పడింది. గన్ దగ్గరగా పెట్టినా, చెయ్యి నెమ్మదిగా కదిపినా, కోటుకూ కోటుకూ మధ్య ఆగకపోయినా, థిన్నర్ ఎక్కువైనా కారుతుంది. నిలువు భాగాల్లో, హ్యాండిల్ కింద, బాడీ లైన్ల దగ్గర ఇది ఎక్కువ.

క్లియర్ ఇంకా తడిగా ఉండి, కింద బొట్టు వేలాడుతుంటే మాస్కింగ్ టేప్ ముక్క అంటుకునే వైపు బొట్టు కొసకు ఆనించి ఎత్తేయండి. బొట్టు వరకే. చార జోలికి పోవద్దు.

ఆరాక చేసే పద్ధతి ఇది. చార చుట్టుపక్కల కంటే మందం కాబట్టి ఆలస్యంగా ఆరుతుంది. మిగతా ప్యానెల్ గట్టిపడినా చారకు ఇంకో రెండు మూడు రోజులివ్వండి. తరవాత చార మీద, చుట్టూ రెండు సెంటీమీటర్ల వరకు స్పాట్ పుట్టీ (చిన్న గుంటలు నింపే మెత్తటి పుట్టీ) పల్చగా పూయండి. పుట్టీ దేనికంటే, అది లెవెల్ చూపిస్తుంది, పక్కనున్న మంచి క్లియర్‌ను కాపాడుతుంది. ఆరాక 1000 పేపర్‌ను గట్టి రబ్బర్ బ్లాక్‌కో చదునైన చెక్క ముక్కకో చుట్టి నీళ్లతో రుద్దండి. ముందు చార ఎత్తు మీద పుట్టీ పోయి క్లియర్ కనబడుతుంది, దాని రెండు పక్కలా పుట్టీ నిలిచే ఉంటుంది. రుద్దుతున్నకొద్దీ ఆ రెండు పుట్టీ గీతలు సన్నబడతాయి. అవి దాదాపు మాయమైనప్పుడు చార చుట్టుపక్కలతో సమమైనట్టు. అక్కడ ఆపి 1500, 2000, 3000 వేసి కాంపౌండ్ కొట్టండి.

వేళ్లతో పేపర్ పట్టుకుని రుద్దొద్దు. వేలు మెత్తన, చార గట్టి. వేలు చారకు రెండు వైపులా పల్లాలు తవ్వుతుంది, చార మాత్రం అలాగే నిలబడుతుంది.

చార బాగా ఎత్తుగా ఉంటే ముందు బ్లేడుతో తగ్గించుకోవచ్చు. కొత్త బ్లేడు రెండు కొసలకూ టేప్ చుట్టి మధ్యలో ఒకటిన్నర సెంటీమీటరు వదలండి. దాదాపు నిలువుగా పట్టుకుని మీ వైపు లాగుతూ పల్చగా గీకండి. తోస్తే కోసుకుపోతుంది. టేప్ మందం అడ్డు ఉంటుంది కాబట్టి బ్లేడు ప్యానెల్‌ను తాకదు.

ఇదంతా క్లియర్‌లో కారినప్పుడు. మెటాలిక్ బేస్ కోట్ కారితే అందులోని అల్యూమినియం రేకులు కూడా జారి ఒకచోట చేరతాయి. దాన్ని చదును చేసి పైన క్లియర్ వేస్తే నల్లటి మచ్చ అలాగే కనబడుతుంది. ఆరనిచ్చి, 800తో చదును చేసి, ఆ చోట మళ్లీ బేస్ వేశాకే క్లియర్.

మెరుపు ఉంది, కానీ ఉపరితలం నారింజ తొక్కలా ఉంది. పోతుందా?

ఇంటి పనిలో అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది ఇదే. పెయింట్ తుంపరలు ప్యానెల్ మీద పడ్డాక పరుచుకునేలోపే ఆరిపోతే ఇలా అవుతుంది. గన్ దూరంగా పెట్టడం, గాలి తక్కువవడం, పెయింట్ చిక్కగా ఉండటం, ఎండలో త్వరగా ఆరే థిన్నర్ వాడటం కారణాలు. హెచ్.వి.ఎల్.పి. (తక్కువ ఒత్తిడితో ఎక్కువ గాలి వదిలే) గన్ అయితే 15–20 సెంటీమీటర్లు, డబ్బా అయితే 20–25 సెంటీమీటర్ల దూరం. క్లియర్‌కు 1.3 లేదా 1.4 మి.మీ. నాజిల్. ఒక్కో వరస ముందు వరసలో సగం మీద పడాలి.

పోగొట్టడానికి 1500 పేపర్‌ను పావుగంట నీళ్లలో నానబెట్టండి. బకెట్ నీళ్లలో కొద్దిగా కారు షాంపూ వేస్తే పేపర్ జారుతుంది, మట్టి పట్టదు. బ్లాక్‌కు చుట్టి, బరువు వేయకుండా, ఒకే దిశలో రుద్దండి. కాసేపటికోసారి రబ్బర్ వైపర్‌తో నీళ్లు లాగి చూడండి. గుంటలు మెరుస్తూ చుక్కల్లా కనబడతాయి, మిట్టలు మాసిపోయి ఉంటాయి. చుక్కలు పోయేదాకా కొనసాగించాలి. కానీ చివరి నాలుగైదు చుక్కల కోసం పంతం పట్టొద్దు, క్లియర్ తినేసేది ఆ పంతమే.

తరవాత 2000, మొదటిదానికి అడ్డదిశలో. పాత దిశ గీతలు పూర్తిగా పోతేనే 3000కు వెళ్లండి. పేపర్ మారినప్పుడల్లా ప్యానెల్, బ్లాక్, బకెట్ కడగాలి. 1500 నాటి ఒక్క రేణువు మిగిలినా 3000 కింద పడి గీతలు పెడుతుంది.

ఒక మాట. కంపెనీ పెయింట్ మీద కూడా కొద్దిగా నారింజ తొక్క ఉంటుంది. మీరు వేసిన డోర్‌ను అద్దంలా చేసి, పక్క డోర్ మామూలుగా ఉంటే ఎండలో తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. పక్క ప్యానెల్‌కు సరిపోయేంత చదును చాలు.

రుద్దుతుంటే నీళ్లు ఏ రంగులో రావాలి?

బేస్, క్లియర్ పద్ధతిలో పాలలా తెల్లగా రావాలి. అది క్లియర్ పొడి. కారు రంగు నీళ్లలో కనబడిందంటే క్లియర్ దాటి బేస్‌లోకి దిగారు, ఆపేయండి. క్లియర్ లేకుండా ఒకే పొరగా వేసే సాదా రంగులైతే నీళ్లలో రంగు రావడం మామూలే. తెల్ల కారుకు ఈ పరీక్ష పనికిరాదు. అక్కడ తడి ఆరాక పక్క నుంచి టార్చి వేసి చూడాలి.

క్లియర్ చిల్లుపడేది ఎక్కువగా అంచుల్లో, బాడీ లైన్ల మీద. తడి పెయింట్ అంచు నుంచి జరిగిపోతుంది కాబట్టి అక్కడ పొర సహజంగానే పల్చన. రుద్దే ముందే అంచులకు, గీతలకు మాస్కింగ్ టేప్ వేసి, చివరలో టేప్ తీసి 3000తో రెండు చేతిరుద్దుళ్లు మాత్రం ఇవ్వండి. చిల్లుపడ్డాక కాంపౌండ్‌తో దాచలేరు. ఆ ప్యానెల్ మొత్తం 1000తో రుద్ది, చిల్లుపడ్డ చోట బేస్ వేసి, ప్యానెల్ అంతా క్లియర్ వేయాలి.

కాంపౌండ్ కొట్టాక కూడా మసకగా ఉంది, ఎండలో గుండ్రటి గీతలు కనబడుతున్నాయి.

రెండూ వేరు. మసక అంటే 2000, 3000 గీతలు పూర్తిగా పోలేదు. మళ్లీ 3000, మళ్లీ కాంపౌండ్. గుండ్రటి గీతలు మెషిన్ ప్యాడ్ వదిలినవి. ఉన్ని ప్యాడ్‌తో కాంపౌండ్ అయ్యాక మెత్తటి ఫోమ్ ప్యాడ్, సన్న పాలిష్‌తో తీయాలి.

ఒకటిన్నర అడుగు చదరం చొప్పున పని చేయండి. నాలుగు శనగగింజలంత కాంపౌండ్ చాలు. రోటరీ మెషిన్ 1000–1500 ఆర్.పి.ఎం. దాటొద్దు. చెయ్యి ఒకేచోట నిలపకండి. ప్యానెల్ మీద అరచెయ్యి పెట్టలేనంత వేడెక్కితే క్లియర్ మెత్తబడి కాలినట్టవుతుంది. చేత్తో చేసేవాళ్లకూ ఫలితం వస్తుంది, కాకపోతే భుజం నొప్పి పుడుతుంది.

కాంపౌండ్‌లోని నూనె సన్నగీతల్ని నింపి కొన్నాళ్లు దాస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సమపాళ్లలో కలిపి తుడిచి చూడండి. అప్పుడు కనబడేదే అసలు ఫినిష్. కాకపోతే 2కె పూర్తిగా గట్టిపడ్డాకే ఈ పరీక్ష. హార్డ్‌నర్ లేని డబ్బా పెయింట్ మీద వద్దు, దాన్ని ఆల్కహాల్ మెత్తబరుస్తుంది.

పెయింట్ పడగానే గుండ్రటి గుంటలుగా విడిపోయింది. ఇదేమిటి?

వీటిని చేపకళ్లు అంటారు. ప్యానెల్ మీద జిడ్డు ఉంది, దాదాపు ఎప్పుడూ సిలికాన్. టైర్ పాలిష్, డ్యాష్‌బోర్డ్ స్ప్రే, పాత వ్యాక్స్, బోల్టులకు కొట్టే స్ప్రే నూనె, కంప్రెసర్ నుంచి వచ్చే నూనె కారణమవుతాయి. చేతికి కొబ్బరినూనె ఉండి ప్యానెల్ ముట్టుకున్నా చాలు. వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పోర్టికో వైపు ఉంటే తాలింపు పొగ కూడా వచ్చి పేరుకుంటుంది.

ఒకటి రెండు చోట్లే ఉంటే ఆపి, పది పదిహేను నిమిషాలు ఆరనిచ్చి, ఆ చోట మాత్రం దూరం నుంచి పొడిపొడిగా రెండు మూడు సార్లు పల్చగా కొట్టండి. తడి కోటు వేస్తే మళ్లీ విడిపోతుంది. ప్యానెల్ అంతా వస్తే ఆరేదాకా ఆగి, 600తో గుంటల అడుగు దాకా చదును చేసి మళ్లీ మొదలుపెట్టాలి.

శుభ్రం చేయడానికి రెండు బట్టలు కావాలి. జిడ్డు తీసే ద్రావకంతో ఒకటి తడిపి తుడవాలి, అది ఆరకముందే రెండో పొడి బట్టతో లాగేయాలి. ఒకే బట్టతో రుద్దితే జిడ్డు ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారుతుంది, అంతే. తరవాత ప్యానెల్ మీద నీళ్లు చల్లి చూడండి. పొరలా పరుచుకుంటే శుభ్రం. చుక్కలుగా ముడుచుకుంటే మళ్లీ తుడవాలి. కంప్రెసర్ ట్యాంకు కింద ఉన్న మూత విప్పి రోజూ నీళ్లు వదలండి, గన్ ముందు వాటర్ ఫిల్టర్ పెట్టండి.

చేపకళ్లు రాకుండా పెయింట్‌లో కలిపే చుక్కల మందు కూడా సిలికానే. ఒకసారి కలిపితే తరవాతి కోట్లన్నిటికీ కలపాలి, గన్ కూడా అంటుపడుతుంది. వేరే దారి లేనప్పుడే వాడండి.

క్లియర్‌లో సూదిమొన చిల్లులు గుంపులుగా ఉన్నాయి. పాలిష్ చేస్తే తెల్లచుక్కలయ్యాయి.

పై పొర ముందు బిగుసుకుపోయి, లోపలి థిన్నర్ దాన్ని పొడుచుకుని బయటికొచ్చిన గుర్తులు అవి. దట్టమైన కోటు, మధ్యలో ఆగకపోవడం, వేసిన వెంటనే ఎండలో పెట్టడం కారణాలు. కోటుకూ కోటుకూ మధ్య 10 నిమిషాలు, దట్టంగా పడితే 15 నిమిషాలు ఆగాలి.

తెల్లచుక్కలు చిల్లుల్లో దూరిన కాంపౌండ్. చిల్లులు పైపైన ఉంటే 1500తో పోతాయి. లోతుగా ఉంటే 800తో చిల్లు అడుగు కనబడేదాకా రుద్ది మళ్లీ క్లియర్ వేయాలి. ఉన్న చిల్లుల మీదే క్లియర్ వేస్తే అందులో గాలి చిక్కి మళ్లీ అవే వస్తాయి.

రంగు పాలిపోయి తెల్లగా, మంచు పట్టినట్టు అయింది.

గాల్లో తేమ. థిన్నర్ వేగంగా ఆవిరవుతూ ప్యానెల్‌ను చల్లబరుస్తుంది, చల్లబడ్డ పెయింట్ మీద తేమ నీరుగా చేరి చిక్కుకుపోతుంది. ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) పెయింట్‌కు, మామూలు డబ్బా క్లియర్‌కు ఇది ఎక్కువ. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు వానాకాలమే కాదు, తెల్లవారుజాముల్లో ఏడాదంతా జాగ్రత్త పడాలి. గాలిలో తేమ 80 శాతం దాటితే ఆ రోజుకు వాయిదా వేయండి. ఫోన్లో వాతావరణం యాప్ చూపిస్తుంది.

ఎన్.సి., డబ్బా పెయింట్లయితే మధ్యాహ్నం గాలి పొడిబారాక రిటార్డర్ థిన్నర్ (నెమ్మదిగా ఆవిరయ్యేది) ఒక్కటే గన్‌తో పల్చగా, పొగమంచులా కొట్టండి. పై పొర కాస్త కరిగి తేమను వదిలేస్తుంది, రంగు తిరిగొస్తుంది. 2కె క్లియర్‌కు ఈ చిట్కా పనిచేయదు. పైపైన ఉంటే పాలిష్, లేకపోతే 800 పేపర్, మళ్లీ క్లియర్.

కొత్త పెయింట్ ముడతలు పడి లేచిపోయింది.

కింద ఉన్న పాత పెయింట్‌ను కొత్త థిన్నర్ కొరికింది. సింథటిక్ ఎనామెల్ మీదో, సరిగా ఆరని డబ్బా పెయింట్ మీదో 2కె కొడితే ఇదే గతి. డబ్బాల మీద గంటలోపు గానీ 24 గంటల తరవాత గానీ మళ్లీ వేయండి అని రాసి ఉండేది అందుకే. ఆ మధ్య సమయంలో పై పొర బిగుసుకుని, లోపల పచ్చిగా ఉంటుంది.

ముడతల మీద పెయింట్ వేసి లాభం లేదు. ముడతపడ్డదంతా, దాని చుట్టూ మెత్తబడ్డదంతా గట్టి పొర తగిలేదాకా తీసేయాలి. తరవాత ఎపాక్సీ ప్రైమర్, సర్ఫేసర్ (రుద్ది చదును చేసుకునే మందపాటి ప్రైమర్), రంగు. ముందే తెలుసుకోవాలంటే థిన్నర్‌లో ముంచిన దూదిని మూలన ఒక నిమిషం ఆనించి ఉంచండి. రంగు దూదికి అంటినా, పెయింట్ మెత్తబడినా దాని మీద నేరుగా 2కె వద్దు.

సిల్వర్ కారు. వేసిన చోట మేఘాల్లా మచ్చలు, చారలు ఉన్నాయి.

మెటాలిక్ రేకులు అన్నిచోట్లా ఒకేలా పడుకోలేదు. తడి ఎక్కువైన చోట రేకులు మునిగి నల్లగా, పొడిగా పడ్డచోట పైకి తేలి తెల్లగా కనబడుతుంది. సిల్వర్, లేత గ్రే రంగులు ఏ తప్పునూ దాచవు. మొదటిసారి స్ప్రే చేసేవాళ్లు వీటితో మొదలుపెట్టకపోతే మంచిది.

క్లియర్ వేయకముందు చూసుకుంటే బాగుచేయడం తేలిక. బేస్ మసకబారేదాకా ఆరనిచ్చి, గన్‌ను 25–30 సెంటీమీటర్లకు జరిపి, గాలి కొంచెం తగ్గించి, ముందు వరస మీద ముప్పావు వంతు పడేలా, ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా పల్చగా కొట్టండి. రేకులు సమంగా పరుచుకుంటాయి. క్లియర్ పడ్డాక కనబడితే 800తో రుద్ది, బేస్, క్లియర్ రెండూ మళ్లీ వేయాలి. మెటాలిక్ బేస్‌ను రుద్ది నేరుగా క్లియర్ మాత్రం ఎప్పుడూ వేయొద్దు. పేపర్ తగిలిన రేకులు చిట్లి గీతలుగా మిగిలిపోతాయి.

క్లియర్ మూడు రోజులైనా మెత్తగానే ఉంది.

హార్డ్‌నర్ లెక్క తప్పింది, లేదా హార్డ్‌నర్ పాతది. చాలా 2కె క్లియర్లకు రెండు పాళ్లకు ఒక పాలు, కొన్నిటికి నాలుగుకు ఒకటి. కంటి అంచనా వద్దు, గీతలున్న కప్పు వాడండి. చిన్న కారు బానెట్‌కు రెండు కోట్లకు కలిపిన క్లియర్ 300 మి.లీ. సరిపోతుంది. 2:1 అయితే సుమారు 180 క్లియర్, 90 హార్డ్‌నర్, 25–30 థిన్నర్. త్వరగా ఆరుతుందని హార్డ్‌నర్ ఎక్కువ పోస్తే పొర పెళుసవుతుంది. మూత తీసిన హార్డ్‌నర్ గాలిలో తేమ పీల్చి పాడవుతుంది. మబ్బుగా కనబడినా, అడుగున గడ్డ కట్టినా పారేయండి.

వారం ఎండలో ఉంచినా గోటిగుర్తు పడుతుంటే అది ఇక గట్టిపడదు. థిన్నర్‌తో తుడిచి తీసేయడమే. పైన ఇంకో కోటు వేస్తే ఆ రెండోది కూడా పోతుంది.

కలర్ కోడ్ ప్రకారమే కలిపించాను. అయినా పక్క ప్యానెల్‌తో కలవడం లేదు.

కోడ్ ఒకటే అయినా కారు తయారైన తేదీని బట్టి, ఎండకు వెలిసిన తీరును బట్టి షేడ్ మారుతుంది. పెట్రోల్ ట్యాంకు మూత విప్పి తీసుకెళ్లి, పాలిష్ చేసి, దానికి సరిపోయేలా కలపమనండి. రేకు ముక్క మీద బేస్, క్లియర్ రెండూ వేసి, ఆరాక పగటి వెలుగులో కారుకు ఆనించి చూడాలి. ట్యూబ్‌లైట్ కింద అన్నీ కలిసినట్టే ఉంటాయి. కొద్ది తేడా మిగిలితే బేస్‌ను పక్క ప్యానెల్‌లోకి ఒక అడుగు దాకా క్రమంగా పల్చబరిచి, క్లియర్ రెండు ప్యానెళ్లకూ పూర్తిగా వేయండి. ముత్యపు తెలుపు లాంటి మూడు కోట్ల (బేస్, దాని మీద ముత్యపు పొర, పైన క్లియర్) రంగులైతే షెడ్డుకే ఇవ్వండి.

కొత్త క్లియర్ ఆగిన చోట గీత కనబడుతోంది.

ప్యానెల్ మధ్యలో క్లియర్ ఆపకూడదు, అంచుదాకా వేయాలి. తప్పనప్పుడు వెనక పిల్లర్ లాంటి ఇరుకు చోట ఆపి, ఆ అంచు తడిగా ఉండగానే బ్లెండింగ్ థిన్నర్ (అంచును కరిగించి పాతదానితో కలిపేది) కొద్దిగా కొట్టాలి. ఆరిన గీతను 2000, 3000తో తేలిగ్గా రుద్ది పాలిష్ చేయొచ్చు. కొత్త పెయింట్ మీద నుంచి పాతదాని వైపే ప్యాడ్ నడవాలి. ఎదురు నడిస్తే పల్చటి అంచు లేచిపోతుంది. ఇలా కలిపిన అంచు రెండు మూడేళ్ల ఎండకు మళ్లీ బయటపడే అవకాశం ఎక్కువ.

మాస్కింగ్ టేప్ తీస్తుంటే పెయింట్ కూడా ఊడొచ్చింది.

కింది మెరుపు పోయేలా రుద్దలేదు, లేదా బేస్ వేసి మర్నాడో మూడోనాడో తీరిగ్గా క్లియర్ వేశారు. ఊడిన చోట అంచులు సరిచేసి అతుకు వేస్తే పక్కనే మళ్లీ ఊడుతుంది. టేప్ గట్టిగా అంటించి లాగి చూడండి. వచ్చినంతా రానివ్వండి. మిగిలిన దాన్ని 400, 600తో మసకబార్చి మొదటి నుంచి వేయాలి.

దుమ్ము, పురుగులు అంటుకున్నాయి.

ఆరాక 2000 పేపర్ చిన్న ముక్కను ఎరేజర్ లాంటి చిన్న బ్లాక్‌కు చుట్టి ఆ రేణువు మీద మాత్రం రుద్దండి, తరవాత 3000, కాంపౌండ్. రేణువు క్లియర్ కింద, బేస్‌లో ఉంటే వదిలేయడమే నయం.

పురుగు తడి క్లియర్‌లో పడితే పట్టకారతో తీయబోయి ఇంత గుంట చేస్తారు. ఆరనిస్తే రెక్కలు, కాళ్లు పేపర్‌తో పోతాయి. తొలకరి తరవాత సాయంత్రాలు లైటు వేసుకుని పెయింట్ పెట్టుకుంటే ఉసిళ్లు ప్యానెల్ నిండా వాలతాయి. పొద్దున్నే ముగించండి. నేల తడపండి, కారు అడుగున, చక్రాల లోపల కూడా కడగండి. గన్ గాలికి లేచే దుమ్ము ఎక్కువగా అక్కడిదే.

అద్దాల మీద, పక్క డోర్ల మీద గరుకుగా పొడి పడింది.

అద్దం మీదైతే నీళ్లు చల్లి కొత్త బ్లేడు వాలుగా పెట్టి తీసేయండి. పెయింట్ మీదైతే షాంపూ నీళ్లతో తడిపి క్లే బార్‌తో (అంటుకున్న పొడిని లాగేసే మెత్తటి మట్టి ముద్ద). నల్ల ప్లాస్టిక్ మీద థిన్నర్ రాయొద్దు, తెల్లమచ్చ పడుతుంది.

బంపర్ మీద ఇవే పద్ధతులా?

పేపర్ వరస అదే. కానీ ప్లాస్టిక్ వేడిని వదలదు, కాబట్టి మెషిన్ వేగం తగ్గించి, వీలైతే చేత్తో పాలిష్ చేయండి. పెయింట్ రేకులుగా ఊడుతుంటే ప్లాస్టిక్ ప్రైమర్ వేయలేదని అర్థం. సన్నటి పగుళ్లు వస్తుంటే క్లియర్‌లో వంగే గుణమిచ్చే ఫ్లెక్స్ అడిటివ్ లేదు. రెండిటికీ రుద్దుడు మందు కాదు, మళ్లీ వేయాలి.

మాస్క్ ఏది వాడాలి?

2కె హార్డ్‌నర్‌లో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. పీలిస్తే ఆస్తమా రావొచ్చు. ఒకసారి శరీరానికి పడకుండా పోతే తరవాత కొద్దిపాటి వాసనకే ఊపిరి ఆడదు. చేతిరుమాలు, ఎన్95 మాస్క్ ఆవిరిని ఆపవు. షెడ్లలో బయటి నుంచి గాలి అందించే మాస్క్ వాడాలని నియమం ఎందుకు పెట్టుకుంటారంటే ఇందుకే. అది లేకపోతే 2కె జోలికి పోకుండా, మామూలు డబ్బా పెయింట్‌ను ఆరుబయట, బొగ్గు కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్‌తో వేసుకోండి. మెరుపు తక్కువే వస్తుంది, పెట్రోలు ఒలికితే మచ్చ కూడా పడుతుంది. అయినా అదే మేలు. చేతికి నైట్రైల్ గ్లౌజులు, కళ్లకు అద్దాలు. పిల్లలు, వంటింటి పొయ్యి, గీజర్ పైలట్ మంట దగ్గర్లో ఉండకూడదు.

ఏ వేళ స్ప్రే చేస్తే ఇన్ని తిప్పలుండవు?

హైదరాబాద్, వరంగల్, కర్నూలు వైపు ఎండాకాలంలో పొద్దున ఏడు నుంచి పది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో మధ్యాహ్నం బానెట్ చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, తుంపర దారిలోనే ఆరిపోతుంది. నెమ్మదిగా ఆరే థిన్నర్ అడిగి తీసుకోండి. కోస్తాలో మంచు తడి పోయాక, పదింటి తరవాత, నీడలో.

ఎప్పుడు కడగాలి, ఎప్పుడు వ్యాక్స్?

వారం తరవాత మామూలు నీళ్లు, మెత్తటి బట్ట. వ్యాక్స్, పాలిమర్ పూతలు నెల నుంచి రెండు నెలల దాకా వద్దు, లోపలి థిన్నర్ పోవడానికి అడ్డుపడతాయి. కవర్ కూడా ఆ నెలంతా కప్పకండి. కింద తేమ చేరి బుడగలు లేస్తాయి. పక్షి రెట్ట పడితే అదే రోజు నీళ్లతో నానబెట్టి తీసేయండి, కొత్త క్లియర్‌ను అది ఒక్క మధ్యాహ్నంలో కొరుకుతుంది.

మిగిలిన కలిపిన క్లియర్ దాచుకోవచ్చా?

లేదు. కొన్ని గంటల్లో గడ్డకడుతుంది, కట్టేటప్పుడు వేడెక్కుతుంది. మూత బిగించకుండా ఆరుబయట వదిలి, గట్టిపడ్డాక చెత్తలో వేయండి. మురుగు కాల్వలో పోయొద్దు. గన్ మాత్రం పని అయిన పది నిమిషాల్లో కడిగేయండి. అందులో ఆరిన 2కెను థిన్నర్ కరిగించదు.